నది మధ్యలో ఆగిన పాట

మా చెల్లెలు పహువాకి తెలివి లేదని నేనెప్పుడూ అనలేదు. దాని తెలివికి కళ్లు లేవని అన్నాను, ఇప్పుడూ అంటాను. నలభైమంది వయొలిన్లూ చెల్లోలూ పట్టుకుని కూర్చుంటే, ఎవరు ఎప్పుడు ఏం వాయించాలో కాగితం మీద రాసి ఇవ్వడం దాని పని. అలాంటి పని ఒకటి ఉంటుందని మా వంశంలో ఎవరికీ తెలియదు. ఇన్నిస్‌ఫెయిల్‌లో ఉన్న మేం హ్మోంగ్ వాళ్లం, యుద్ధానికి కొండ ఊళ్లొదిలి పారిపోయి ఈ దేశం చేరినవాళ్లం, అంతా అరటితోటల వాళ్లమే. గెల ఎప్పుడు దించాలో అడిగితే చెబుతాను గానీ సంగీతం గురించి నన్నడక్కండి.

పోయిన ఏడాది ఆగస్టులో అది మెల్‌బోర్న్ నుంచి ఫోన్ చేసింది.

"అక్కా, అమ్మ మీద రాసింది పెద్ద హాల్లో వాయిస్తున్నారు. నాన్నని తీసుకురా. ఆయనకో సర్‌ప్రైజ్ ఉంది."

"ఏంటది?"

"చెప్పేస్తే ఇంకేం సర్‌ప్రైజ్? అమ్మ కుట్టిన నల్లకోటు వేసుకోమను. మర్చిపోకేం."

నాన్నకి డెబ్బై నాలుగేళ్లు. ఊపిరితిత్తులు బాగాలేవు. విమానమంటే హడల్. అయినా చిన్నకూతురు పిలిచేసరికి, "దాని పాట నేను వినకపోతే ఇంకెవడు వింటాడే" అంటూ కోటు దులుపుకున్నాడు. రోజూ ఆయనకి వండిపెట్టేదాన్ని నేను, మందులిచ్చేదాన్ని నేను. ఆయన ఎదురుచూపు మాత్రం ఎప్పుడూ దాని ఫోన్ కోసమే. యాభై ఏళ్లొచ్చినా నాకా కుళ్లు పోలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

హాల్లో మమ్మల్ని మొదటి వరసలో కూర్చోబెట్టారు. లైట్లు తగ్గాయి. వయొలిన్లు చాలాసేపు గాలి వీచినట్టు సన్నగా మోగాయి. నాకు ఆవలింత వచ్చింది. అంతలో స్పీకర్లలోంచి ఖెంగ్ వినిపించింది. నాన్న ఖెంగ్.

ఖెంగ్ అంటే మా వెదురు వాద్యం. ఆరు గొట్టాలు, ఒక చెక్కబుర్ర. ఊపిరి వదిలినా మోగుతుంది, పీల్చినా మోగుతుంది, అందుకే మధ్యలో తెగదు. చావింట్లో అది రాగం కాదు, మాట. పోయినవాళ్లని చేయి పట్టుకుని, బతికిన ఊళ్లన్నిటి మీదుగా వెనక్కి నడిపించి, పుట్టిన ఇంటిదాకా దిగబెడుతుంది. అక్కడ నేల కింద వాళ్లు పుట్టినప్పుడు పడిన మాయ పాతిపెట్టి ఉంటుంది. మనిషికి మొదటి చొక్కా అదే. అది తొడుక్కుంటేనే అవతల పెద్దలు రానిస్తారు. మాలో నలభై దాటినవాళ్లెవరికైనా ఇది తెలుసు. ఈ దేశంలో మేం మొదట దిగిన హోబర్ట్‌లో పుట్టి, బళ్లో పియానో నేర్చుకున్న మా చెల్లికి వినబడేది రాగమొక్కటే.

స్పీకర్లలో వస్తున్నది మూడేళ్ల కిందట అమ్మ పోయినప్పుడు నాన్న ఊదినది. అసలు భార్యకి భర్త ఊదకూడదు. కానీ మా ఊళ్లో పాట మొత్తం వచ్చిన మనిషి ఆయనొక్కడే. ఇంకొకాయనకి సగమే వచ్చు. ఏడుస్తూ ఊదకూడదంటారు, అందుకని నాలుగు రోజులూ కళ్లు మూసుకునే ఊదాడు. అప్పుడు పహువా ఫోన్‌లో రికార్డు చేస్తోందని నాకు తెలుసు. అదిలా వెయ్యిమంది ముందు మోగుతుందని తెలీదు, నాన్నకీ తెలీదు.

నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి, ఖెంగ్ మాటల్ని వెంబడి చెప్పుకుంటున్నాడు. అమ్మ ఇన్నిస్‌ఫెయిల్ ఇంటికి దండం పెట్టి బయల్దేరింది. హోబర్ట్ దాటింది, శనివారం సంతలో ముల్లంగి అమ్మిన వీధి దాటింది. థాయ్‌లాండ్‌లో మేం నాలుగేళ్లున్న శరణార్థుల శిబిరం దాటింది. మెకాంగ్ నది ఒడ్డుకొచ్చింది. నీళ్లలోకి దిగింది.

అక్కడ ఖెంగ్ ఆగిపోయింది.

వయొలిన్లు ఒక్క సన్నటి స్వరం పట్టుకుని కాసేపు నిలబడ్డాయి. తర్వాత అదీ లేదు. ముందు నిలబడి నడిపిస్తున్నాయన చేతులు గాలిలో అలాగే ఉంచాడు.

నాన్న లేచి నిలబడ్డాడు. "ఊదు! ఆపకు! మనిషి నీళ్లల్లో ఉంది!" అని మా భాషలో కేకపెట్టాడు.

ఒక్కరికీ అర్థం కాలేదు. అదీ పాటలో భాగమే అనుకున్నారు. ముందున్నాయన చేతులు దించగానే హాలు దద్దరిల్లింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాన్న ఏడుస్తున్నాడు. వేదిక మీదకొచ్చిన పహువా ఆయన్ని చూసి, సంతోషం పట్టలేక ఏడుస్తున్నాడనుకుని, తనూ ఏడ్చింది. మర్నాడు పేపరులో ఎవరో పెద్దమనిషి రాశాడు, చివర్లో ముసలాయన కేకే ఈ కృతికి ప్రాణమట, ముందుముందు కూడా దాన్ని ఉంచితే బాగుంటుందట. చదివి నాకు ఒళ్లు మండిపోయింది.

కచేరీ అయిన రాత్రే పహువా పూలగుత్తితో మా గదికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఎలా ఉంది నాన్నా?"

"ఎందుకాపావమ్మా?"

"అక్కడే ఆపాలి నాన్నా. అలా తెగితేనే వినేవాళ్ల గుండె పట్టేస్తుంది."

"మీ అమ్మ నీళ్లలో ఉంది."

"అయ్యో, అది పాట నాన్నా! అమ్మ పోయినప్పుడు నువ్వు మొత్తం ఊదావుగా. అమ్మ ఎప్పుడో చేరిపోయింది."

నాన్న లేచాడు. కోటు విప్పి, మడతపెట్టి, దాని చేతికిచ్చాడు. దాని మొహం ఎంత చిన్నబోయిందో! నాకు జాలేసింది. అయినా ఒక్క మాట సాయం చెయ్యలేదు.

అమ్మకి నీళ్లంటే ఏంటో పహువాకి ఎవరూ చెప్పలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు, శిబిరంలో పెద్దవాళ్లు గుసగుసలాడుకుంటుంటే విన్నాను కాబట్టి తెలుసు. మెకాంగ్ దాటినప్పుడు నాకు రెండేళ్లు, నాన్న వీపు మీద ఉన్నాను. అమ్మ వీపు మీద నా తమ్ముడు, ఎనిమిది నెలలవాడు. సగం నదిలో ఉండగా వాడి ఏడుపు ఆగిపోయింది. అవతలి ఒడ్డుకి చేరాక గుడ్డ విప్పి చూసుకుంది. వాణ్ణి అక్కడే నీళ్లకి వదిలేశారు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ అమ్మ మోకాళ్ల లోతు నీళ్లలోకి కూడా దిగలేదు. ఇన్నిస్‌ఫెయిల్‌లో వరదొచ్చిన ప్రతిసారీ మంచమెక్కి గోడకేసి తిరిగి కూర్చునేది.

ఇంటికొచ్చాక నాన్న తిండి మానేశాడు. మూడు ముద్దలు తిని, "చాలే" అనేవాడు. ఎండ మాడిపోతుంటే వరండాలో రెండు జతల మేజోళ్లు వేసుకుని కూర్చునేవాడు.

"ఏం నాన్నా, చలిగా ఉందా?"

"చలి కాదే. కాళ్లు తడిగా ఉన్నాయి."

చేయిపెట్టి చూస్తే పొడిగానే ఉన్నాయి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఊపిరితిత్తులు ఎప్పటిలాగే ఉన్నాయన్నాడు, మనసుకి దిగులు పట్టిందన్నాడు, మాత్రలిచ్చాడు. మాత్రలు వేసుకుంటూనే నాన్న ఇంకాస్త చిక్కిపోయాడు.

అప్పుడు వాచెంగ్ మామయ్య వచ్చాడు. ఆయన అమ్మకి తమ్ముడు, నాన్న కంటే నాలుగేళ్లు చిన్న. మాలో ఆడపిల్ల చనిపోతే, దాన్ని ఎలా చూసుకున్నారు, ఎలా సాగనంపారు అని నిలదీసి అడిగే హక్కు పుట్టింటివాళ్లది. మామయ్య ఆ హక్కు ఎప్పుడూ వదులుకోలేదు. వస్తూనే గుమ్మంలో గిన్నెడు బియ్యం, దానిమీద గుడ్డు పెట్టి, బెదిరిపోయిన ప్రాణాన్ని ఇంటికి రమ్మని పిలిచాడు. పూర్తయ్యాక గుడ్డు ఉడకబెట్టి ఒలిచాడు. నున్నగా ఉండాలి. ఒకవైపు గుంటపడి ఉంది.

"ప్రాణం ఇంట్లో లేదు. ఏట్లో ఉంది, మా అక్క పక్కన. ఇద్దర్నీ నీళ్లలో నిలబెట్టింది మీ చెల్లెలు. పిలువు దాన్ని."

"వెయ్యి పనులుంటాయి మామయ్యా దానికి. వచ్చే నెల సిడ్నీలో మళ్లీ వాయిస్తున్నారట, ఏదో బహుమతి కూడా అంటున్నారు."

"మళ్లీనా?" ఆయన గుడ్డు కిందపెట్టాడు. "అంటే మా అక్కని మళ్లీ నీళ్లలో దింపుతారన్నమాట. ప్రతి ఊళ్లోనూ."

నాకు ఇవన్నీ పూర్తిగా నమ్మకమా అంటే, చెప్పలేను. ఆ మాట విన్నాక మాత్రం ఊరుకోలేకపోయాను. వెంటనే ఫోన్ చేశాను. నెమ్మదిగా చెప్పాల్సింది. చెప్పలేదు. "నాన్నని చంపుతున్నావు, వచ్చి చూసుకో" అన్నాను.

మర్నాటి మధ్యాహ్నానికల్లా వచ్చింది. వరండాలో నాన్నని చూసి, తిన్నగా గెలలు కడిగే షెడ్డులోకి వెళ్లిపోయింది. నేనూ వెనకే వెళ్లాను. ఊరుకుంటానా!

"ఆ పాట ఆపించెయ్."

"ఆపించేస్తా. ఇంకా?"

"ఇంకానా? పోయినవాళ్ల పాట తీసుకెళ్లి తెల్లవాళ్లకి వినోదానికి అమ్ముకున్నావు. అది ఎవరిదో, ఏంటో తెలియక్కర్లేదా?"

"ఎవరు చెప్పారు నాకు?" అది నా వైపు తిరిగింది. "ఎప్పుడైనా చెప్పారా? అడిగితే, నీకెందుకు చదువుకో అన్నారు. ఖెంగ్ ముట్టుకుంటే ఆడపిల్లవి అన్నారు. అక్కడేమో మొదటిరోజు నుంచీ ఒకటే గోల. నీ సంస్కృతి తీసుకురా, నీ మూలాలు చూపించు, వయొలిన్ మాకూ వచ్చు. ఏం తీసుకెళ్లనక్కా? నా దగ్గరేముంది? అక్కడ నేను హ్మోంగ్‌ని, ఇక్కడికొస్తే తెల్లదాన్ని. రెంటికీ చెడ్డ రేవడిని. నాదనుకోడానికి ఆ ఒక్క రికార్డింగే ఉంది."

"అయితే సగంలో ఎందుకు తెగ్గొట్టావు? గుండె పట్టేస్తుందనా?"

అది పక్కనున్న గెలలోంచి ఒక కాయ తుంచింది.

"నువ్వేగా" అంది చివరికి. "నువ్వే వచ్చి అరిచావు. ఆ ఫోన్ అవతల పారేసి వచ్చి అన్నం వడ్డించు, ఇంతమందికి నేనొక్కదాన్నే చావాలా అన్నావు. నేను ఆపేసి వచ్చేశాను. మిగతాది నా దగ్గర లేదక్కా. ఉంటే ఆపేదాన్నా? లేదని నలుగురికీ తెలియకుండా ఆ చోటుని అందంగా చేశాను, అంతే."

నాకు గుర్తుంది. వంటింటి గుమ్మంలో నిలబడి అరిచాను. గంటె చేతిలోనే ఉంది. పందిమాంసం కూర పొంగిపోతోంది, చుట్టాలు బారులు తీరి కూర్చున్నారు, ఇదేమో ఫోన్ పట్టుకుని మూల నిలబడింది. నా కోపం ఆ ఫోన్ మీద కాదు. అది అమ్మ దగ్గర నిలబడి వింటోంది, నేను పొయ్యి దగ్గర ఉన్నాను, అదీ నా కోపం. అమ్మని ఆ నీళ్లలో నిలబెట్టింది నేను. షెడ్డులో గెల మీద కూర్చుండిపోయాను. పహువా వచ్చి నా పక్కన కూర్చుంది. ఇద్దరం ఏడ్చాం, ఎవరూ ఎవర్నీ ఓదార్చలేదు.

ఎంతసేపటి నుంచి వింటున్నాడో, నాన్న షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మిగతాది నేను ఊదుతా" అన్నాడు. "రికార్డు చేసుకుని దాని వెనక తగిలించు."

మామయ్య ఒప్పుకోలేదు. "శవం లేకుండా ఆ పాట ఊదితే శవాన్ని పిలిచినట్టే. బుద్ధుండే మాట్లాడుతున్నావా బావా?"

"ఇంట్లో ఊదితే తప్పు. తోటలో తప్పులేదు. నేర్చుకునేవాళ్లు బయట ఊదుకోరూ?"

"ఓహో, ఈ వయసులో నేర్చుకుంటున్నావా నువ్వు?"

"నేను కాదురా. నా కూతురు." పహువా వైపు చూపించాడు. "నేర్పుతున్నా."

మాలో ఆడపిల్లకి ఖెంగ్ నేర్పానని నోరారా చెప్పిన మగవాణ్ణి నేనంతకుముందు చూడలేదు. మామయ్య తోటలో పరవడానికి గోనెపట్టా ఒకటి వెతికి తీశాడు. పహువా తల దించుకుంది, భుజాలు కదులుతున్నాయి.

మర్నాడు పొద్దున్నే నలుగురం తోటలోకి వెళ్లాం. రాత్రి వాన పడి అరటాకుల మీంచి నీళ్లు కారుతున్నాయి. నాన్న రెండు మడుల మధ్య గోనెపట్టా పరిపించుకుని కూర్చున్నాడు. ఖెంగ్ ఊదేవాడు నిలబడి, గుండ్రంగా తిరుగుతూ ఊదాలి. ఆయనకి ఆ ఓపిక లేదు. పహువా ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని రికార్డర్ పట్టుకుంది. మామయ్య నా పక్కన కూర్చున్నాడు. నాకు సగం మాటలే అందుతాయి, మిగతావి ఆయన నా చెవిలో చెబుతున్నాడు.

నది మధ్య నుంచే మొదలుపెట్టాడు. ఇంత సన్నటి మనిషికి అంత ఊపిరి ఎక్కణ్ణుంచి వచ్చిందో! మెడనరాలు పొంగుతున్నాయి, ధ్వని మాత్రం తెగడం లేదు. ఉన్నట్టుండి మామయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇది పాటలో లేదు."

"ఏంటి మామయ్యా?"

"పిల్లాణ్ణి ఎత్తుకోమంటున్నాడు. వాడూ ఇక్కడే ఉన్నాడు, వంగి ఎత్తుకో, నేను పట్టుకుంటా అంటున్నాడు."

నేను చొక్కా చేతి అంచుతో నోరు నొక్కుకున్నాను. నాన్న వాళ్లిద్దర్నీ ఒడ్డుకి చేర్చాడు. కొండలెక్కించాడు, పొగమంచులోంచి నడిపించాడు, మేం పారిపోయిన ఊళ్లోకి తెచ్చాడు. అమ్మ పుట్టిన ఇంటి తలుపు తీయించాడు. మట్టి తవ్వి చొక్కా తీసుకోమన్నాడు. తొడుక్కోమన్నాడు.

ఖెంగ్ నోటి నుంచి తీసేశాడు.

ఆకుల మీంచి చినుకులు రాలుతున్నాయి. మామయ్య మొహం పాలిపోయింది. "తిరిగి రావాలి" అన్నాడు గొణుగుతున్నట్టు. "దారి చూపించినవాడు అక్కడ ఆగిపోకూడదే. నువ్విక్కడుండు, నేను వెళ్తున్నా అని చెప్పి, తన అడుగులు తనే చెరుపుకుంటూ ఇంటికి రావాలి. ఆ మాటలు ఇంకా అరగంటున్నాయి."

పహువా తలెత్తింది. కళ్లనిండా నీళ్లు. "అయిపోయిందా నాన్నా?"

నాన్న మామయ్యని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"అయిపోయిందమ్మా. ఆపెయ్."

అది ఆపేసింది. మామయ్య లేవబోయాడు. "కూర్చోరా" అన్నాడు నాన్న, కోపంగా కాదు.

ఆ మధ్యాహ్నం ఆయన ఆవాకు కూర, పందిమాంసం వేసుకుని గిన్నెడన్నం తిన్నాడు. మేజోళ్లు తీసేశాడు. పహువా సంబరం చెప్పనలవి కాదు. వరండాలో ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, ఇది ఏ మాట, అది ఏ మాట అని అడిగి రాసుకుంది. సాయంత్రం అది స్నానానికి వెళ్లినప్పుడు నేను ఆయన దగ్గరికెళ్లాను.

"నాన్నా, మిగతాది కూడా ఊదు."

"ఊపిరి లేదే."

"అబద్ధం."

ఆయన నవ్వాడు. "నలభై ఎనిమిదేళ్లు మీ అమ్మని ఆ నీళ్లలోంచి బయటికి లాగలేకపోయాను. ఇప్పుడే కదా ఒడ్డెక్కించింది. పిల్లాడు కూడా దగ్గరున్నాడు. కాసేపు నన్నూ వాళ్ల దగ్గర కూర్చోనీ."

నేను బతిమాలలేదు. తిట్టలేదు. ప్రతిదానికీ నోరు చేసుకునేదాన్ని, ఆ ఒక్కరోజు నోరు పెగల్లేదు. పదమూడో రోజు పొద్దున కాఫీ ఇవ్వడానికి వెళితే కుర్చీలోనే ఉన్నాడు.

ఖెంగ్ ఊదడానికి మెల్‌బోర్న్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నాలుగు రోజులు ఇల్లంతా జనం. మూడోరోజు పహువా ముందుగదిలోంచి వంటింట్లోకి వచ్చింది. పిలవకుండానే పళ్లెం అందుకుని, నా పక్కన నిలబడి బియ్యం ఏరసాగింది. ముందుగదిలో ఖెంగ్ మోగుతోంది. ఇప్పుడు దానికి కొన్ని మాటలు తెలుస్తున్నాయి. "హోబర్ట్ దాటాడు" అంది.

"ఊఁ."

"సిడ్నీ వాళ్లకి మొత్తం పంపించేశానక్కా. ఇంక నది దగ్గర ఆగదు. నేనే గదా ఆయన్ని అంత బాధపెట్టింది... కానీ చివరికి అంతా ఊది వెళ్లాడు కదా. అదొక్కటే నాకు ధైర్యం. అది కూడా సగంలో ఉండిపోయుంటే నేను బతికేదాన్ని కాదు." బియ్యంలోంచి చూపు ఎత్తకుండానే అడిగింది. "మొత్తం ఊదాడు కదక్కా?"

మామయ్య గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన నా మొహం చూసి అవతలికి వెళ్లిపోయాడు.

"మొత్తం ఊదాడే" అన్నాను. "పొద్దుట్నుంచీ ఏం తినలేదు నువ్వు. అది అక్కడ పెట్టి, వచ్చి కూర్చో, వడ్డిస్తాను."